చేర్చుకునే ముందు

ఆటోనగర్ నుంచి వచ్చారు, పొద్దుట్నించి మూడోవాళ్లు.
సైదాబీ కుర్చీ అంచున,
నాగుల్‌మీరా కిటికీకేసి.

తనంతట తాను తింటారా?
"కలిపి పెడితే."
రాత్రుళ్లు లేస్తారా?
"లేవడు. నేను లేస్తా."
ఈ ఫారం పోయినేడు నేనే తయారుచేశాను,
దానికి గడి పెట్టలేదు.

మనుషుల్ని గుర్తుపడతారా?
ఆమె కొంగు సర్దుకుంది.
బందరు రోడ్డు మీద ఏదో లారీ దగ్గింది.
"నాజిల్ పోయింది" అన్నాడాయన,
వచ్చాక అదే మొదటి మాట.
ఆమె నా పెన్ను వంక చూసింది,
రాస్తానా లేదా అని.
రాశాను, మార్జిన్లో.

ఎన్నాళ్లకి?
ఇది ఆఖరి ప్రశ్న.
సంచిలోంచి మూడు లుంగీలు, కొబ్బరినూనె సీసా తీసి
బల్లమీద పెట్టింది.
కాసేపాగి
ఒక లుంగీ
మళ్లీ సంచిలో పెట్టుకుంది.