కనపడనివాళ్ల కూడు

పోయినేడు పుష్యమాసం చలికి
మా చెరువులో శీలావతులు
ఒంటినిండా ఎర్రటి పుళ్లతో తేలాయి.
కాశీనగర్ సంతకి పట్టుకెళ్తే
మారుబేరగాడు గంప మూత ఎత్తి చూసి
మళ్లీ మూసేశాడు. ఒక్క మాట అన్లేదు.
ఆ మూత చప్పుడే ఏడాదంతా విన్నాను.

అప్పటికే సున్నం చల్లాం.
బరంపురం మందు డబ్బాలు మూడు ఖాళీ చేశాం.
పోలయ్య వాటిని గట్టు మీద వరసగా పేర్చాడు,
అప్పులోళ్లకి సాక్ష్యం చూపిద్దామన్నట్టు.

ఈ ఏడు బనజ వచ్చింది,
పర్లాకిమిడి చేపలాఫీసు పిల్ల.
తెలుగు మాట్లాడుతుంది గానీ
ప్రతి మాటనీ కాస్త గుండ్రంగా చుడుతుంది.
సంచీలోంచి తెల్లటి పొడి తీసింది.
"వేరు నుంచి తీసిన పిండి, ఈస్టు పొట్టు కొంచెం.
ఇది మందు కాదు మావుసీ.
చేపకీ కాదు."
"మరెవరికి?"
"చేప పేగులో కాపురమున్నోళ్లకి.
వాళ్లు తిని బలిస్తే
చెడ్డోళ్లకి చోటివ్వరు."

పోలయ్య నవ్వు గట్టు దాటింది.
"నా పిల్లలకే చాలదు కూడు,
చేప కడుపులో అద్దెకున్నోళ్లకి పెట్టాలా?"

నేను నవ్వలేదు.
వంశధార పొంగిన ఏడు
ఇసక మూటలు మోసిన కుర్రాళ్లకి
మా అమ్మ కుండెడు తరవాణి పోసింది.
వాళ్ల పేర్లు ఆవిడకి తెలీవు.
గట్టు మాత్రం నిలబడింది.

తవుడు, చెక్క, చారెడు నూనె,
కిలోకి బనజ ఇచ్చిన చెంచాతో ఒక్కటి.
ఎక్కువేస్తే ఎక్కువ మేలని
ఒకరోజు రెండేశాను. తిట్టింది.
కన్నాల సంచులు గెడలకి కట్టడం,
సాయంత్రం విప్పడం.
సంచి తేలికైతే
ఎవరో తిన్నారు, అంతే.

మళ్లీ పుష్యం.
దండాసి చెరువులో పుళ్లు కనపడ్డాయని కబురు.
చీకటితో లేచి టార్చి పట్టుకుని
నీళ్ల చుట్టూ తిరిగాను.
మొదటి వారం ఆరు చచ్చాయి.
తర్వాత రెండు.
తర్వాత లెక్క రాయలేదు, రాయడానికేం లేక.

పొడి వల్లో,
ఈసారి పిల్ల పలచగా వేసినందుకో,
దండాసి అడిగితే ఏం చెప్పను?
"రెండూ కావొచ్చు" అంది బనజ.
ఆ మాటకే ఆ పిల్లని నమ్మాను.

వలలో ఒక బొచ్చె పక్కన
మానిన పుండు మచ్చ, రూపాయంత.
వేలితో తడిమి నీళ్లలోకే వదిలేశాను.

డబ్బా అడుగున మిగిలిన పొడి
నాలిక్కి రాసుకున్నాను.
కాస్త తీపి.
ఇప్పుడు నాలో ఎవరు
విస్తరేసుకుని కూర్చున్నారో.