అప్పుతచ్చు

లైప్‌జిగ్‌లో, కిటికీ పక్క బల్ల మీద
వాల్‌బుర్గా సొనాటాని తిరగేసి కొడుతుంది,
కుడి నుంచి ఎడమకి, అద్దంలోలా.
తగరమూ సీసమూ కలిపిన పలక.
సుత్తి దెబ్బకి ఒక స్వరం.
పియానో ముట్టి ఎరగదు.
నెమ్మది నడకంటేనే చుక్కలు దట్టమనీ
కూలి మాత్రం పేజీకింతేననీ తెలుసు.

ఆ రోజు పిల్లాడికి జ్వరం.
మూడో పేజీలో ఒక ఫ్లాట్ జారిపోయింది.

స్వరకర్త ఉత్తరం నిప్పులు కక్కుతూ వచ్చింది.
పలక బోర్లించి, వీపున కొట్టి, నునుపు చేసి
ఫ్లాట్ దిగ్గొట్టింది. కూలిలో రెండు గ్రోషెన్లు కోత.
అప్పటికే పదకొండు ప్రతులు
ఉన్ని మూటల పక్కన రీగా బండెక్కాయి.

అక్కడ ధాన్యం వర్తకుడి కూతురు ఎల్‌ఫ్రీడా
ఆ చోట ప్రతిసారీ ఉలిక్కిపడేది,
చీకట్లో ఇంకో మెట్టుందనుకున్న పాదానికి
నేల తగిలినట్టు.
తప్పని తెలీదు. మనసు పడింది.
శిష్యులకి అలాగే చెప్పింది, వాళ్లు వాళ్ల శిష్యులకి.

ఇప్పటి పరిష్కృత ప్రతిలో, అడుగున, చీమతలకాయంత అక్షరాలు:
"కొన్ని తొలి ప్రతుల్లో ఇక్కడ ఫ్లాట్ లేదు. పొరపాటు."
జ్వరం సంగతి లేదు.
పలకలు ఏనాడో కరిగి
ఇంకెవరి సంగీతానికో పోతపడ్డాయి.

రీగాలో ముసలి మాస్టారు తాలివాల్దిస్
ఆ పాదసూచిక మీద కళ్లజోడు పెట్టి
ఫ్లాట్ లేకుండానే వాయిస్తాడు.