ధాపూ పేరు

బికనేరులో అచ్చాఫీసు వెనకగది.
సీసపు అక్షరాల మీద ఇసక,
కిటికీ మూసినా వస్తుంది, ఎడారి కదా.

కమిటీవారు ప్రూఫు మీద ఎర్రసిరాతో
మూడుచోట్ల కొట్టేశారు:
కరీం, రహీం, అల్లా.
పక్కన రాశారు: శ్రీహరి, శ్రీహరి, శ్రీహరి.
"భజనల పుస్తకం గదా నథమల్‌జీ,
కొనేవాళ్ళు ఏమనుకుంటారు?"

నథమల్ జవాబివ్వలేదు.
పాట ఇచ్చిన ముసలామెకు కబురుపెట్టాడు.
కోలాయత్ నుంచి బస్సులో వచ్చింది,
ఒళ్ళో తంబూరా,
ఓణీ కొసన టికెట్టు ముడి.

చదువు రాదు. చదివి వినిపిస్తే
దిద్దినట్టే పాడి చూసింది.
మొదటి శ్రీహరికి తాళం తడబడింది.
రెండోదానికి దగ్గొచ్చింది.
మూడోదాని దాకా పోనేలేదు,
నవ్వొచ్చి తంబూరా దించేసింది.

"హరి నాకేం పరాయివాడా?
పై చరణంలో ఉన్నాడు, చూసుకోండి.
మూడో జామున అందరూ తూగుతుంటే
కరీం దగ్గరే గొంతు పైకి లేస్తుంది,
తల్లుల ఒళ్ళో పిల్లలు కూడా కళ్ళు తెరుస్తారు.
అక్కడ హరిని పెడితే
పాపం, ఆయనే కునుకు తీస్తాడు.

నా సంగతి చెప్పనా,
నా ముందు నలుగురు ఆడపిల్లలు.
నేను పుట్టగానే ధాపూ అన్నారు,
మా భాషలో 'ఇక చాలు' అని.
డెబ్బై ఏళ్ళుగా పలుకుతున్నాను.
విసుగుతో పెట్టిన పేరుకే నేను పలికితే,
నిద్ర మానుకుని పిలిచే పేరుకి
ఆయన పలకడా?"

ఎవరూ ఏమీ అనలేదు. టీలు వచ్చాయి.

రాత్రి నథమల్ గళ్ళలో వెతికాడు.
శ్రీలు దండిగా ఉన్నాయి.
'ల్లా' మాత్రం ఒక్కటే, అంచు అరిగినది.
ఎన్నిసార్లు వాడి ఉంటారో.
చొక్కా అంచుతో ఇసక తుడిచి
వరసలో నిలబెట్టాడు.