జానెడు

పోర్తో రేవులో ఓడెక్కేవాళ్ల నుదుటికి
ఆ చిన్న తెల్ల తుపాకీ గురిపెట్టింది నేనే.
ముప్పై ఆరున్నర. ముప్పై ఆరూ రెండు. వెళ్లండి.
నూటముప్పై మంది పట్టే ఓడలో
ఈసారి నలభై ఒక్కరే.
విమానాలు ఆగాయి, జర్మన్లు రాలేదు,
టికెట్ సగానికి సగం దిగింది.
అందుకే ఎర్మెలిందా వచ్చింది,
రెగ్వా లాండ్రీలో ఇరవై ఆరేళ్లు
మా ఓడ దుప్పట్లు ఉతికిన మనిషి.
దోరు నదిని ఎప్పుడూ ఒడ్డునుంచే చూసింది,
అదీ ఆరేసిన గుడ్డల సందులోంచి.

భోజనాల గదిలో బల్లకొక్కరు.
గరిటె ముట్టుకునే హక్కు నాదొక్కడిదే.
సూప్ వడ్డిస్తుంటే నా కళ్లలోకి చూసి
"నవ్వుతున్నావా, తిట్టుకుంటున్నావా?" అంది.
మాస్కు వెనక రెండూ చేస్తున్నానని చెప్పలేదు.

కర్రపతేలు లాక్‌లో ఓడ ఆగింది.
నీళ్లు నిండుతున్నాయి.
డెక్ మీద పసుపు టేపు అంటించి
మనుషుల్ని రెండేసి మీటర్ల ఎడంలో నిలబెట్టాం.
ఓడకీ తడిగోడకీ మధ్య మాత్రం జానెడే.
ఆమె చెయ్యి చాచి గోడని తాకింది,
నాచుని, చల్లదనాన్ని.
శానిటైజర్ సీసాతో పరిగెత్తాను,
సగం దూరంలో ఆగిపోయాను.

రాత్రి తువాళ్లు ఇవ్వబోతే తలుపు తీసే ఉంది.
దుప్పటి ముక్కుకి ఆనించుకుని కూచుంది.
"మార్చిలో జ్వరమొచ్చింది బాబూ,
వాసన ఇంకా తిరిగి రాలేదు.
సబ్బు మార్చారేమో, అదీ తెలీటం లేదు."
వేళ్లతో అంచు తడిమి, మూల దగ్గర ఆగింది.
"మడత మాత్రం తప్పు.
ఇది మా లాండ్రీ పిల్లలు పెట్టింది కాదు."

గుమ్మం బయటే నిలబడ్డాను.
దుప్పటి పూర్తిగా విప్పింది.
పొడవు రెండున్నర మీటర్లు.
రెండో కొస నా వైపు విసిరింది.