మడ్‌గార్డు మీద ఉప్పు

ఆరొందల యాభై అడుగులకు పడిన నీళ్ళు మావి.
పడినప్పుడు టెంకాయ కొట్టినాము.
నోట్లో పోసుకున్నంక ఎవ్వరమూ మాట్లాడలేదు.

సబ్బు నురగ రాదు.
కందిబ్యాళ్ళు ఉడకవు.
తలకు పోసుకుంటే వెంట్రుకలు టెంకాయ పీచు.
మాకు అలవాటయింది.
ఇనుముకు కాలేదు.

ఓబుళపతికి ట్రాక్టరు కడగడమంటే పండగ.
పైపు పట్టుకొని టైర్ల సందులూ గొర్రు పండ్లూ
ఎనుమును రుద్దినట్టు రుద్దుతాడు.
ఎండినాక సూస్తే మడ్‌గార్డు మీద
ఎవరో ముగ్గు చల్లి మరిచిపోయినట్టు తెల్లని చారలు.
వేలితో గీరి నాలిక మీద పెట్టుకుంటి.
ఉప్పు.

దానికి తోడు యూరియా మూటలు,
చౌడు చేన్లో తిరిగిన బురద,
కార్తీకం దాటితే మంచు.
ట్రాలీ అడుగు రేకు
పెనం మీద జొన్నరొట్టె మాదిరి
పొక్కి పొక్కి లేస్తాండాది.

ఉరవకొండలో ఖాసీంపీర కిందికి దూరి
స్క్రూడ్రైవరు మొనతో ఒక్క పోటు పొడిచినాడు.
అవతలి వెలుగు కనపడింది.
"ఆ బోరునీళ్ళతో కడిగేదానికంటే
బురదతోనే ఉండనీయమ్మా.
కడిగితే, చివర్న ఒక్క బిందె తీపినీళ్ళు పొయ్యి.
ఆరినాక కాలిన ఆయిలు, అడుగంతా, పాతగుడ్డతో.
బ్యాటరీ మూతికి గ్రీజు."
చెప్పినందుకు డబ్బులు తీసుకోలేదు.
ఆయిలుకు మాత్రం నలభై తీసుకున్నాడు.

ఒక్క బిందె!
మా ఊర్లో తీపినీళ్ళు ఆటోలో వస్తాయి, పాట పెట్టుకొని,
క్యాను ఇరవై.
పిల్లోడు రాత్రి దప్పికని లేస్తే
సగం గ్లాసే పోస్తా నేను.
సుంకులత్త నవ్వింది:
"మనకు లేని భోగం దీనికా?"
కంతు కట్టేది అదే గదత్తా, అంటి.
అంటినే గానీ
బిందె వంచేదానికి చెయ్యి రాలేదు.

మరుసనాడు, కోడి గూడా లేవకముందు,
కల్లాపికని బయటికొస్తే
బానెట్టు నిండా మంచు.
ఎవరు మోసినారో, ఎంత దూరం నుంచో,
పాట లేకుండా, రూపాయి అడక్కుండా.
ఓబుళపతి పాత లుంగీతో ఒత్తి ఒత్తి తుడిచి
గిన్నెలోకి పిండితి.
నల్లని నీళ్ళు.
నాలిక మీద వేసుకుంటే దుమ్ము, ఇనుము,
అడుగున రొవంత ఉప్పు.
రెండోనాడు ఇంకొంచెం తక్కువ.
తుడవకుంటే అదే మంచు కొరుకుతాదంట,
తుడిస్తే కడుగుతాది.
అత్తతో ఈ మాట అంటే
"మొగోళ్ళు గూడా అంతేలే" అనేసి పోయింది.

తుడిచినాక ఆయిలు.
ట్రాలీ కింద ఎల్లకిలా పండుకొని, మోచేతుల దాకా.
పెండ్లికి పోతే చేతులు కొంగులో దాచుకుంటాండా.

శివరాత్రికి చలి శివశివా అని పోతాది,
మంచూ పోతాది.
ఆ తర్వాత ఏం చేయాల్నో ఖాసీంపీర చెప్పలేదు,
నేనూ అడగలేదు.

ఆయన పొడిచిన బొక్కను మాత్రం మూయనియ్యలేదు నేను.
రోజూ ఆయిలు పూసి,
ఆ బొక్కకు ఒక శెనక్కాయ విత్తనం ఆనించి సూస్తా.
ఈ పొద్దుకైతే
దూరలేదు.