పెయింటు డబ్బా

బర్కా అవుతల మొక్కల నర్సరీ.
మాకు పదకొండు నీలం డ్రమ్ములు.
నీళ్ల బండి శనివారం వస్తది.
శుక్రవారానికి డ్రమ్ములల్ల నీళ్లు కదుల్తయ్,
గాలి లేకున్నా కదుల్తయ్:
తలకిందులుగా వేలాడి
తోకతోటి ఊపిరి పీల్చే కామాలు.

రాజలింగు తొమ్మిది రోజులు జ్వరంల పడ్డడు.
"ఎముకలల్ల ఎవడో సుత్తె పట్టుకొని తిరుగుతున్నడ్రా" అన్నడు.
ఫోర్‌మన్ తొమ్మిది రోజుల జీతం కోసినంకనే
డ్రమ్ముల మూతలు తీసి చూసిండు.

బోరు మోటరు కాడ ఉండే బంగ్లా మొఖ్లెస్
అర్బాబ్ తోటల ఫలజ్ కాలువ నుంచి
లబన్ సీసాల చేపలు పట్టుకొచ్చిండు.
బొటనవేలంత గూడ లేవు.
ఉప్పు నీళ్లా, తీపి నీళ్లా, వాటికి ఫికరు లేదట.
డ్రమ్ముకు మూడు వదిలినం.

ఆ రాత్రి ఫోను లైటు పట్టి చూసినం.
చేప ఆగుతది.
ఆగినట్టే ఉంటది.
ఒక కామా ఉండది.

ఇరవై రోజులకు నీళ్లు అద్దమైనయ్.
చేపల పొట్టలు లోపలికి పోయినయ్.
ఖుబ్జ్ తునకలేస్తే అడుగున పులిసిపోయినయ్,
అన్నం మెతుకు మూతి పెట్టి వదిలేసినయ్.
పని మంచిగ జేసినందుకు
పస్తులు.

జనరేటరు ఎనుక రాజలింగు పెట్టిన పెయింటు డబ్బా
నేను చూసిన. అడగలే.
సగం నీళ్లు, రెండు ఎండాకులు.
ఐదో రోజు పొద్దుగాల చాయ్ జల్లెడ తోటి
పురుగులను దేవి డ్రమ్ముకింత పంచుతుండె.
"వారం దాటితే రెక్కలొస్తయ్" అన్నడు,
నన్ను చూడకుంటనే.
మళ్లా ఆ జల్లెడల చాయ్ వడపోయనియ్యలే.

తెల్ల గరిటె పట్టుకొని ఖల్ఫాన్ సాబ్ వచ్చిండు.
పదకొండు డ్రమ్ములు ముంచి చూసి
"జైన్, జైన్" అన్నడు.
చెప్పులు ఇసుకల ఈడ్చుకుంట
జనరేటరు ఎనుకకు పోయిండు.

గరిటె నిండ కామాలు.
"ఎవరిది?"
ఫోర్‌మన్ మమ్ముల జూసిండు.
మేము మొక్కల జూసినం.
"నాది," అన్నడు రాజలింగు. "మచ్చీ కా ఖానా."

ఖల్ఫాన్ సాబ్ చాలాసేపు మాట్లాడలే.
డబ్బా ఎత్తి, మూడో డ్రమ్ముల వొంపి,
అడుగు మీద రెండు దెబ్బలు కొట్టి,
అంచు పట్టుకొని వంగి నిలవడ్డడు
ఆఖరిది పోయేదాక.
అప్పుడు పెన్ను తీసి
ఇరవై రియాళ్లు జరిమానా రాసిండు.

ఆ కాగితం రాజలింగు దిండు కింద ఉన్నది.
మొత్తం అరబీ, ఒక్క ముక్క రాదు మాకు.
కామాలు మాత్రం గుర్తుపట్టినం.
వాళ్ల దాంట్ల అవి
తలకిందులుగా ఉంటయ్.