ఆరో రిజిస్టరు

పొద్దుగాల చందంపేట దవాఖాన తాళం తీసేది బుచ్చిరాములు.
కానీ దవాఖాన లేచేది
నేను ప్లగ్గుల పిన్ను రెండుసార్లు ఆడిస్తేనే.

కంప్యూటరు ముసలిది. దాని దగ్గు నాకు ఎరుకే.
అది తెల్లారేలోపల
చీపురుపుల్లతోని కీబోర్డు సందులు గోకుత,
నిన్నటి పల్లికాయ పొట్టు ఒకటి
స్పేస్ బారు కింద దొరుకుతది.

నన్ను కంప్యూటరమ్మ అంటరు.
నాగేంద్రమ్మ సిస్టరు సూది వేస్తది,
వేసిందని నేను కొట్టాలె.
కొట్టకపోతే వెయ్యనట్టే,
పిల్లగాడు ఎంత ఏడ్చినా సరే.

అన్నిటికంటె పేర్లతోనే తిప్పలు.
పోలమ్మను ఇంగ్లీషులకు పంపితే
దీర్ఘం దారిల పడిపోయి
పొలమ్మ అయి తిరిగొస్తది.
గుంట జాగ లేని మనిషి
పేరు నిండ పొలం.

తండా నుంచి ఆశ కార్యకర్త గమ్లి
బీడీ కట్ట కాగితం మీద రాసుకొచ్చింది:
కేతావత్ సోమ్లి, ఏడో నెల.
ఆధార్ల చూస్తే సోమిలి.
బ్యాంకు పుస్తకంల సోని.
మీ అమ్మ ఏమని పిలిచేదని అడిగితే
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
ఒక్క మనిషికి ముగ్గురు సోమ్లీలు,
ముగ్గురికీ కలిపి ఒక్కటే కడుపు.
ఆ ముగ్గురిని ఒక్కతిని చెయ్యనీకి
నాలుగు ఫారాలు, ఆరు జిరాక్సులు,
దేవరకొండకు మూడు బస్సులు పట్టినయి.
పైసలు పడ్డయో లేదో
ఆమె చెప్పలే, నేను అడగలే.
నా జీతమే మూడు నెలల సంది ఏజెన్సీ కాడ ఆగింది.
నా పేరుల గూడ ఎవలో
ఏదో ఒత్తు మింగిన్రేమో.

ఆడపిల్ల పుట్టింది.
మూడో సూది అయినంక
గుంపు మేస్త్రి జీపు వచ్చి
చెంబూ చాప, పిల్లా తల్లిని ఎక్కించుకపోయింది.

తొమ్మిదో నెల సూది లిస్టుల
సోమ్లి బిడ్డ పేరు ఎర్రగ నిలబడ్డది.
ఐదో తడవకు ఫోన్ ఎత్తింది.
ఎనక మిల్లరు గరగర తిరుగుతున్నది.
"పుణేల ఉన్నం మేడం. పిల్ల ఇసుక మీద పన్నది."
కార్డేదంటే
"ఇంటికాడ దూలం సందుల చెక్కినం" అన్నది.

తెర మీద ఒక డబ్బా ఉంటది, వలస అని.
దాంట్ల టిక్కు పెడితే
ఎరుపు పేరు బూడిద రంగయితది,
మా దవాఖాన నూటికి తొంభై తొమ్మిదయితది,
జిల్లా మీటింగుల మా డాక్టరు సారుకు చాయ ముందు వస్తది.
సారు గూడ అడిగిండు, మెల్లగనే,
"ఆ ఒక్కటి ఎందుకమ్మా అట్ల పెట్టినవు?"

సర్కారు రిజిస్టర్లు ఐదు.
ఆరోది నాది, రెండు వందల పేజీల నోటుబుక్కు.
అండ్ల వలసంటే పుణేల ఏ గల్లీనో ఉంటది,
మేస్త్రి నంబరుంటది,
పిల్ల పండుకున్న ఇసుక కుప్ప పక్కన
ఏ దవాఖాన ఉన్నదో అది గూడ ఉంటది,
దొరికితే.

దొరికింది. ఫోన్ కొట్టిన.
ఎత్తినామెది మరాఠీ, నాది దేవరకొండ యాస,
నడుమ రెండు కుంటి హిందీలు.
ఆమె ఎనక గూడ ఒక కీబోర్డు
టకటక, ఆగి, మళ్ల టక.
ఆ ఆగుడు నాకు తెలుసు, ఏదో ఒక మీట అతుక్కపోయింటది.
"పేరు చెప్పు" అన్నది.
అక్షరం అక్షరం చెప్పిన.
పక్కన సిస్టరు నవ్వుతనే ఉన్నది.

తొమ్మిది దినాలకు ఫోన్ల ఫోటో వచ్చింది.
కొత్త కార్డు, మూలకు సిమెంటు మరక.
తల్లి పేరు కాడ సోమల అని ఉంది.

నాలుగో సోమ్లి.

తారీకు సరిగ్గనే ఉన్నది.
సూది పేరు సరిగ్గనే ఉన్నది.
ఎరుపు మీద మీట నొక్కిన,
కరెంటు పోయింది.

చీకట్ల కూసున్న,
మళ్ల వచ్చినంక
ఇంకోసారి నొక్కనీకి.